నువ్వు నడుపుతున్నావు కాబట్టి

అద్దాలు మోసే ఆ పికప్ డ్రైవరును అందరూ నిదానం అనే పిలిచేవాళ్ళు. ఇరవై రెండేళ్ళలో ఒక్క అద్దం పలక కూడా పగలగొట్టలేదు. వెనక వచ్చేవాళ్ళు హారన్లు కొట్టి కొట్టి విసిగి పక్కనుంచి దూసుకుపోతుంటే, "వెళ్ళండి నాయనా, ముందు మీరే చేరుకోండి" అని నవ్వేవాడు. బిస్కెట్టును కూడా విరవకుండా తినే మనిషని భార్య ఎగతాళి చేసేది.

ఈ మధ్య ఆ నిదానానికి ఇంకో కారణం కూడా చేరింది. ముందు చక్రాన్ని స్టీరింగుతో కలిపే కడ్డీ చివరి జాయింటు అరిగిపోయింది. స్టీరింగు జానెడు తిప్పినా చక్రం కదిలేది కాదు, ఆపైన ఒక్కసారిగా అందుకునేది. మలుపు రాకముందే ఆ జానెడూ తిప్పి పెట్టుకోవడం అతని చేతులు నేర్చేసుకున్నాయి. చేతులు సర్దుకున్నాయి గనక బండికేమీ కాలేదనుకున్నాడు మహానుభావుడు.

ఇరవై రోజుల కిందట షెడ్డులో మెకానిక్కు ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, రెండు చేతులా పట్టుకుని ఊపి చూశాడు. "జాయింటు బాగా వదులైపోయిందన్నా. నువ్వు నడుపుతున్నావు కాబట్టి నడుస్తోంది" అన్నాడు. అది హెచ్చరిక. నిదానం దాన్ని బిరుదులా పుచ్చుకున్నాడు. ఆ పూటే భోజనాల దగ్గర భార్యకూ కూతురికీ చెప్పుకుని మురిసిపోయాడు. అరిగిన జాయింటు సంగతి మాత్రం మింగేశాడు. పైవారం మార్పిద్దామనుకున్నాడు. పైవారం కూడా అలాగే అనుకున్నాడు.

ఆ ఉదయం ఒళ్ళు వెచ్చబడితే మాత్ర వేసుకుని పడుకున్నాడు. లేచి చూస్తే వాకిట్లో బండి లేదు. కొండ దిగువనున్న ఆస్పత్రికి కిటికీ అద్దాలు ఇచ్చిరావడానికి కూతురు వెళ్ళిందని, లైసెన్సు వచ్చి ఏడాదైనా ఆయన బండి ముట్టనివ్వడం లేదు గనక తాళాలు తనే ఇచ్చానని భార్య చెప్పింది.

"మీ చేతికి నడిచిన బండి మీ కూతురి చేతికి నడవదా?" అంది, సంబరంగానే.

ఆస్పత్రికి వెళ్ళే కొండ దిగుడులో ఆరు మలుపులున్నాయి. ఫోను చేశాడు. మోగీ మోగీ ఆగిపోయింది. నడిపేటప్పుడు ఫోను ముట్టుకోవద్దని కూతురికి నేర్పింది తనే. ఫోను అక్కడే పడేసి, చెప్పులైనా వేసుకోకుండా షెడ్డుకు పరుగెత్తి, మెకానిక్కు స్కూటరు వెనక ఎక్కాడు. ఇంకా మార్పించలేదా అని మెకానిక్కు ఒక్కటే అడిగాడు. తొందరగా పోనిమ్మన్నాడు నిదానం.

దారి పొడుగునా గాజు పెంకుల కోసం రోడ్డు వెతికాడు. ఎదురొచ్చేవాళ్ళు ఏదైనా చూసి వస్తున్నారేమోనని ప్రతి ముఖమూ చూశాడు. దూరంగా నలుగురు గుమిగూడి కనిపించేసరికి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. వాళ్ళు బస్సు కోసం నిలబడ్డారులే అని మెకానిక్కు చెప్పాకే తెరిచాడు.

దిగుడు మొదలయ్యే చోట, మొదటి మలుపుకు ముందే, బండి ఓరగా ఆగి ఉంది. చక్రానికి అడ్డంగా రాయి పెట్టి ఉంది. కూతురు గట్టు మీద కూర్చుంది. అతనికి పోయిన ప్రాణం లేచి వచ్చింది.

వీధి దాటకముందే స్టీరింగు తేడాగా అనిపించిందని, తనకే చేతకావడం లేదేమోనని ఇంత దూరం లాక్కొచ్చానని, దిగుడు చూశాక ధైర్యం చాలలేదని ఆమె చెప్పింది. మెకానిక్కు బండి కింద దూరి జాయింటును పట్టుకుని ఊపాడు. అది వదులు పన్నులా కదిలింది. పైకి వచ్చి, ఈ దిగుడులో సగం దాకా కూడా ఊడకుండా ఉండేది కాదన్నాడు.

అంత విన్నాక కూడా నిదానం చెయ్యి చాచాడు. "తాళాలివ్వమ్మా. షెడ్డు దాకా నేను మెల్లగా తెచ్చేస్తాలే."

కూతురు భయంగా అతని ముఖంలోకి చూసింది. తాళాలు అతని చేతిలో పెట్టి, చుట్టూ తిరిగి అవతలి తలుపు తీసి, పక్క సీట్లో కూర్చుంది.

"ఎక్కు నాన్నా. నేనూ వస్తా."

"నువ్వు దిగు. స్కూటరు మీద రా."

ఆమె బెల్టు లాగి పెట్టుకుంది.

అతను తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. తెరవబోయాడు. తెరవకుండానే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నేను నడపలేనమ్మా," అన్నాడు. "దిగు."