బుజ్జి దగ్గరికి వచ్చిన పోతుజింక

జిన్నులున్నాయని మా మతంలో చెప్పారు కాబట్టి లేవని నేనెప్పుడూ అనలేదు. కాని అవి నాలాంటి డ్రైవరు కంట పడతాయని మాత్రం నమ్మలేదు. రాయచోటిలో చిన్నప్పుడు దయ్యం పట్టి ఊగేవాళ్ళను చూసి నవ్వుకునేవాణ్ణి. కువైట్‌లో రూమువాళ్ళు పాత ఇళ్ళ గురించి కథలు మొదలుపెడితే లేచి వెళ్ళి టీ పెట్టుకునేవాణ్ణి. ఇప్పుడు రాస్తున్నది పొద్దు పొడిచాక, వెలుతురులో, నిద్రమత్తు లేకుండా చూసింది. ఇది చదివి నన్ను ఎవరైనా క్షమించాలని రాయడం లేదు. ఎందుకో చివరికి తెలుస్తుంది.

ఎనభైల మొదట్లో సంగతి. సబా అల్ సలేంలో ఒక కువైటీ ఇంట్లో నేను డ్రైవరును. ఇంటి పెద్దాయనే నా కఫీల్, అంటే నా వీసాకు పూచీ పడ్డ యజమాని. ఆయన్ని పనివాళ్ళమంతా బాబా అనేవాళ్ళం. చలి మొదలవుతూనే బాబా పడమటి ఎడారిలో, సౌదీ సరిహద్దుకు ఇటువైపు గుడారాలు వేయించేవాడు. గొర్రెలు, నాలుగైదు ఒంటెలు అక్కడే ఉండేవి. వాటిని చూసుకునేది సత్యం. అమలాపురం దగ్గర ఊరు. నాకంటే పెద్దవాడు కాబట్టి నేను అన్నా అనేవాణ్ణి. నన్ను అతను ఖాదర్‌భాయ్ అనేవాడు.

ఆ గుడారాల దగ్గరే ఒక ఆడజింక ఉండేది. అరబ్బులు గజాల్ అంటారు. ఎవరో పసిపిల్లగా బాబాకు తెచ్చి ఇస్తే సత్యం సీసాతో పాలు పట్టి పెంచాడు. బుజ్జి అని పేరు పెట్టాడు. అతను పిలిస్తే వచ్చేది. మిగతా అందరినీ చూసి ఆమడదూరం ఉరికేది.

"ఏమన్నా, పెండ్లానికి పెట్టినట్టు దానికి పెట్టందే నువ్వు తినవే" అని నేను ఎగతాళి చేస్తే, "ఆయ్, ఇది అలగదు కదా భాయ్, అదే సుఖం" అనేవాడు.

ఆ ఏడు నవంబరులో గుడారాలకు పడమటగా కొత్త జింక పెంటికలు కనిపించాయి. ఒకేచోట కుప్పగా ఉన్నాయి. అది పోతుజింక పని. జతకట్టే కాలంలో అలా హద్దులు పెట్టుకుంటుంది. ఆ ప్రాంతంలో అడవి జింకను చూసి చాలా ఏళ్ళయిందని బాబా అన్నాడు. బాబా పెద్దకొడుకు, మేము చిన్నబాబా అనేవాళ్ళం, మాత్రం తుపాకీ తుడవడం మొదలుపెట్టాడు. రెండు రోజులు జీపులో తిరిగినా ఏమీ దొరకలేదు. అప్పుడు నేను నోరు జారాను.

మా నాయన వేటగాడు. దీమం పెట్టి వేటాడేవాడు. దీమం అంటే ఎర జంతువు. పెంచుకున్న జింకను మైదానంలో కట్టి, దాని కోసం వచ్చే అడవిజింకను కొట్టడం. ఎదకొచ్చిన ఆడదాన్ని కడితే పోతుకు ప్రాణభయం కూడా ఉండదు, మెడ చాచుకుని నేరుగా వచ్చేస్తుంది. ఇదంతా నాకొచ్చిన అరబ్బీలో బాబా కొడుకుకు గొప్పగా చెప్పాను. అతను నా వీపు మీద చరిచి నవ్వాడు. ఆ ఇంట్లో నన్ను అలా మనిషిగా చూసింది అదే మొదటిసారి అనిపించింది. బుజ్జి ఎదకొచ్చిందని కూడా నేనే చెప్పాను. నాకు ఆ సంగతి చెప్పింది సత్యం. అది రెండు రోజులుగా మేత ముట్టడం లేదని, నిలకడగా నిలబడడం లేదని బెంగతో నాతో అన్నాడు.

సాయంత్రం సత్యానికి తెలిసింది. మొహం ఎర్రబడింది.

"నేను నీకు చెప్పింది అందుకా భాయ్?"

"దానికేం కాదులే అన్నా. గుండు దానికి తగలదు. మా నాయన ఎన్నిసార్లు కట్టినాడో."

"మీ నాన్నగారు తను పెంచినదాన్ని తనే పట్టుకెళ్ళి పక్కన కూర్చునేవారని నువ్వే చెప్పావు కదా? మరి దీన్ని పెంచింది నువ్వా?"

 అది నిజమే. దీమాన్ని పెంచినవాడే తీసుకుపోవాలి, తుపాకీవాడి పక్కన ఇంకొకడు ఉండి భుజం తట్టాలి, తట్టందే కాల్చకూడదు. మా నాయన ఈ కట్టు ఎప్పుడూ తప్పలేదు.

"మాట ఇచ్చేసినా అన్నా. నువ్వు రాకుంటే నేనే కట్టుకుంటా" అన్నాను.

"కట్టుకో. తెల్లారి వచ్చి విప్పేస్తాను. అప్పుడు నీ మాట ఏమవుతుందో చూద్దాం."

"విప్పు చూస్తాం. బాబా కొడుకుతో నువ్వే చెప్పుకుందువులే."

పొద్దున నమాజు కాగానే బాబా కొడుకూ నేనూ బుజ్జిని తీసుకెళ్ళాం. అది రాలేదు, ఈడ్చాం. గూటం దిగ్గొట్టి తాడు బిగించి ముడివేశాను. సత్యం అప్పటికే గొర్రెలను తోలుకుని తూర్పుగా పోయాడు. బాబా కొడుకు అడిగితే, ఇక అతను మధ్యాహ్నం దాకా రాడని చెప్పాను. ముందురోజు సత్యం అన్న మాట చెప్పలేదు.

ఇసుక దిబ్బ వెనక ఇద్దరం పక్కపక్కన బోర్లా పడుకున్నాం. పిలిస్తే వినిపించేంత దూరంలో బుజ్జి. వెలుతురు వచ్చింది గాని, దానితో పాటు పొగమంచు కూడా వచ్చింది. ఆ కాలంలో అక్కడ మామూలే. పొరలు పొరలుగా కదిలేది. ఒకసారి బుజ్జి కాళ్ళు కనిపించేవి కావు, ఒకసారి తల కనిపించేది కాదు. అది సన్నగా అరుస్తూ ఉంది.

అప్పుడు పడమటి నుంచి గొంతు బొంగురుపోయిన మనిషి దగ్గినట్టు ఒక శబ్దం వచ్చింది. పోతు అది. బాబా కొడుకు ఊపిరి బిగబట్టాడు.

మంచులోంచి అది నడిచి వచ్చింది. కొమ్ములు వెనక్కి వంగి, కొనలు మళ్ళీ ముందుకు తిరిగి ఉన్నాయి. ఆ కాలంలో పోతులకు ఉబ్బినట్టే గొంతు ఉబ్బి ఉంది. ఎడమ చెవి చీలి ఉంది. ఇంత స్పష్టంగా చూశాను. బుజ్జి చుట్టూ తిరిగింది. బుజ్జి ముక్కులోంచి చలికి ఆవిరి వస్తోంది. దాని ముక్కులోంచి రావడం లేదు. గమనించాను, కాని ఆ క్షణంలో దాన్ని గురించి ఆలోచించలేదు.

తర్వాత అది ఆగి మా వైపు చూసింది. ఎదకాలంలో పోతు ఎటూ చూడదు, ఆడదాన్నే చూస్తుంది. ఇది మాత్రం నా మొహంలోకే చూస్తున్నట్టు అనిపించింది. చూసి, మెల్లగా పక్కకు తిరిగి, గుండెభాగం మాకు అప్పగించినట్టు నిలబడింది. 

ఇంకొకటి ఉంది. ఇది నేను చాలా కాలం ఎవరికీ చెప్పలేదు. దీమం తానుగా మూతి చాచి తాకితే తప్ప జింక వచ్చిందని మా నాయన నమ్మేవాడు కాదు. అప్పటిదాకా తట్టేవాడు కాదు. బుజ్జి దాన్ని తాకలేదు. తాకడం కాదు, దాని వైపు చూడనే లేదు. మెడ వంచి, మంచు కప్పిన నేల మీద దేన్నో చూస్తోంది. మెడకున్న తాడు కదులుతోంది. నేను ఆ తాడు కదలడం చూశాను. సత్యం మాట గుర్తొచ్చింది కూడా. బాబా కొడుకు వేలు ట్రిగ్గరు మీదే ఉంది. ఇంకొంచెం ఆగితే పోతు పోతుందేమో, నా పరువు పోతుందేమో అనుకున్నాను.

భుజం తట్టాను.

తుపాకీ పేలింది. అరిచింది మనిషి.

పరిగెత్తి వెళ్ళేసరికి పోతు లేదు, సత్యం గూటం పక్కన ఒరిగి ఉన్నాడు. కుడిభుజం దగ్గర బట్టంతా రక్తం. చేతిలో తాడు ముడి అలాగే ఉంది. నేను బిగించిన ముడి విప్పలేక వంగి తంటాలు పడుతూ ఉండగా గుండు తగిలింది. బాబా కొడుకు తుపాకీ పారేసి, "గజాల్! గజాల్ వల్లా!" అని, జింకే, దేవుడి మీద ఒట్టు అని, అదే మాట అంటూ తల కొట్టుకున్నాడు. తుపాకీ మీది దుర్బిణిలోంచి అతనూ పోతునే చూశాడు. అతను అబద్ధం ఆడడం లేదని నేను ప్రమాణం చేసి చెప్పగలను.

సత్యాన్ని పికప్ వెనక పడుకోబెట్టాం. నా తలగుడ్డ గాయం మీద కుక్కి బాబా కొడుకు గట్టిగా నొక్కి పట్టుకున్నాడు. నేను నడిపాను. మంచులో దారి కనిపించదు, వేగంగా పోతే ఎగిరి పడతాడు, మెల్లగా పోతే రక్తం పోతుంది. నోటికొచ్చిన దువా అంతా చదివాను. అతను బతికితే చాలు, నాకేమైనా పరవాలేదని అడిగాను. నా వెనక కిటికీ అద్దం తీసే ఉంది, సత్యం గొంతు వినిపిస్తూనే ఉంది.

"భాయ్... నా వెనకాల ఉన్నదాన్ని తోలెయ్యి."

"ఎవురూ లేరన్నా, చిన్నబాబా ఉండాడు అంతే."

"కాదు. ఇందాక ఉంది చూడు. మెడ మీద ఊపిరి వదుల్తోంది. చల్లగా... బుజ్జి అనుకున్నాను. బుజ్జి నా ముందుంది కదా."

 మేము చూసిందేమిటో అతనికి అప్పటికి ఎవరూ చెప్పలేదు.

ఆస్పత్రిలో ప్రాణం దక్కింది. చెయ్యి దక్కలేదు. ఉంది, కాని వేళ్ళు కదలవు.

మర్నాడు, ఇంకా గూటానికే ఉన్న బుజ్జిని తేవడానికి బాబాతో నేను వెళ్ళాను. గాలి లేదు. మంచుకు తడిసి ఆరిన ఇసుకలో గుర్తులన్నీ అలాగే ఉన్నాయి. బాబా ఎడారిలో పుట్టి పెరిగినవాడు, అడుగు చూసి ఒంటె ఎవరిదో చెప్పగలడు. వంగి వంగి చూస్తూ నడిచాడు. తూర్పు నుంచి సత్యం చెప్పుల గుర్తులు గూటం దాకా వచ్చాయి. పడమటి నుంచి డెక్కల గుర్తులు వచ్చి బుజ్జి చుట్టూ తిరిగాయి. కొన్నిచోట్ల సత్యం చెప్పుల గుర్తు మీదే పడ్డాయి. చివరికి సత్యం మోకాళ్ళు ఆనిన చోటికి సరిగ్గా వెనకాల వచ్చి ఆగాయి. ముందరి రెండు డెక్కలు లోతుగా దిగి ఉన్నాయి.

అక్కణ్ణుంచి ఎటూ పోలేదు. బాబా చుట్టూ పెద్ద వలయంగా నడిచి వెతికాడు. తిరిగి వచ్చి ఆ గుర్తుల ముందు నిలబడి పెదవులు కదుపుతూ ఏదో చదువుకున్నాడు. ఆయన మొహం అలా పాలిపోవడం నేనెప్పుడూ చూడలేదు. "ఖలాస్. యల్లా" అని, ఇక చాలు పద అని, జీపెక్కాడు. దారిలో వెనక్కి తిరిగి చూడలేదు.

విచారణకు వచ్చినవాళ్ళు అడిగినప్పుడు, సత్యం అక్కడికి వస్తాడని మాకెవరికీ తెలియదని చెప్పాను. బాబా కొడుకుకు మటుకు నిజంగానే తెలియదు. తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. తప్పు సత్యానిదే అన్నట్టు తేలిపోయింది.

తర్వాత ఆస్పత్రిలో అతని మంచం పక్కన కూర్చుని, ఆ డెక్కల గుర్తుల సంగతి చెప్పాను. నేను, చిన్నబాబా ఇద్దరం పోతునే చూశామన్నా, నీకూ ఊపిరి తగిలింది కదన్నా అని బతిమాలుతున్నట్టు చెప్పాను. అంతా విన్నాడు.

"ఉండొచ్చు భాయ్. ఏదో వచ్చే ఉంటుంది. నేను కాదనను." కదలని చేతిని ఎడమచేత్తో పొట్ట మీదికి లాక్కున్నాడు. "నేనొస్తానని నీకు చెప్పాను కదా. మరి నీకు తెలీదన్నావంటగా?"

 అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. చలికాలం వెళ్ళకముందే ఊరికి పంపేశారు.

ఎండలు ముదిరేలోపే బుజ్జి ఈనింది. ఆ వేట రోజు తప్ప అది గుడారాల దగ్గర్నుంచి కదలలేదు. ఆ రోజు మేము వదిలేసి వచ్చాక ఏ పోతైనా వచ్చిందా అంటే, ఇసుకలో ఇంకో గుర్తు లేదు. బాబా కొడుకు మాత్రం తేలికపడ్డాడు, చూశావా, పోతు నిజంగానే ఉంది అన్నాడు. బాబా ఆ పిల్లను చూడడానికి రాలేదు.

నేను ఒకసారి వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం. కొత్త కాపరి దగ్గరికి కూడా రాని పిల్ల అది. నేను జీపు దిగగానే మెల్లగా నడుచుకుంటూ వచ్చి నా ఎదురుగా ఆగి మొహంలోకి చూసింది. తర్వాత పక్కకు తిరిగి నిలబడింది. కదలకుండా. నేను జీపెక్కి వచ్చేశాను. మళ్ళీ ఆ గుడారాలకు వెళ్ళలేదు. ఏడాది తిరక్కుండా ఇఖామా, అంటే అక్కడ ఉండడానికి ఇచ్చే పర్మిట్టు, వేరే కఫీల్ పేరు మీదికి మార్చుకుని అబూ హలీఫాలో వేరే పనిలో చేరాను.

ఆ తర్వాత సెలవులో వచ్చినప్పుడు కోనసీమ వెళ్ళి సత్యాన్ని వెతుక్కుని కలిశాను. ఎడమచేత్తో కొబ్బరిబొండం కొట్టి ఇచ్చాడు. ఇంట్లో అందరికీ నన్ను స్నేహితుడనే చెప్పాడు. వాళ్ళు లోపలికి వెళ్ళాక, "బుజ్జి ఎలా ఉంది భాయ్?" అని అడిగాడు.

"బాగుందన్నా" అన్నాను.

పిల్ల సంగతి చెప్పలేదు. చెబితే, చూశావా పోతు నిజమే, నా తప్పేం లేదు అని మళ్ళీ అతని ముందు వాదించినట్టవుతుంది. విచారణలో ఆడింది అబద్ధమని చెప్పి చేతులు పట్టుకోవాలనే వెళ్ళాను. అదీ చేయలేదు. బొండం తాగి, బస్సుకు వేళవుతోందని లేచాను.

ఆ మంచులోంచి వచ్చింది జింకో, జిన్నో, నా కళ్ళ భ్రమో నాకు ఇప్పటికీ తెలియదు. భ్రమైతే ఇద్దరికి ఒకేలా ఎలా కనిపించిందో, గుర్తులు ఎలా పడ్డాయో, బుజ్జి ఎలా ఈనిందో చెప్పలేను. పెద్దవాళ్ళను అడిగాను, ఒక్కొక్కరు ఒక్కోటి చెప్పారు. కాని అది వచ్చినా రాకపోయినా, తాడు కదలడం మాత్రం నేను చూశాను.