బావ పూడ్చిన తుంగకుంట

పొద్దున్నే మా బావ చంకలో కొత్త తుంగచాప పెట్టుకొని వచ్చాడు. అక్క మొగుడు కనుక ఎక్కిరించే హక్కు నాకుంది. "ఏంది బావా, అక్క ఇంట్ల పండనిస్తలేదా?" అన్నాను. నవ్వలేదు. "కుంట ఒడ్డు అవ్వ అల్లింది. మొదటిది నాకే ఇచ్చింది, చూడు పిల్లా" అని పరిచాడు. మంచి తుంగ వాసన. ఒక అంచు మాత్రం వంకరపోయింది.

మా బావ గోదావరిఖనిలో ముప్పై ఏళ్లు గని లోపల ఇసుక నింపే పని చేశాడు. బొగ్గు తీసిన చోటు ఖాళీగా వదిలితే పైకప్పు కూలుతుంది, అందుకని ఇసుకతో నింపుతారు. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, ఇంట్లో ఖాళీ డబ్బా కనిపించినా ఏదో ఒకటి పోసేవాడు. మా అక్క ఒకసారి కందిపప్పులో మేకులు ఏరుకుంది. రిటైరై కాలనీ పెద్ద అయ్యాక ఆయన కన్ను వెనకాల ఉన్న తుంగకుంట మీద పడింది. దోమలట, పాములట. టిప్పర్లతో మట్టి పోయించి మూడు రోజుల్లో చదును చేయించాడు. అబద్ధమెందుకు, మేమూ సంబరపడ్డాం. ఆ ఒడ్డున ఒంటరిగా ఉండే అవ్వ ఒక్కతే కొడవలితో వచ్చి నిలబడింది. ఆ తుంగ కోసి చాపలల్లుకొని బతికే మనిషి. "నా చేతులు ఇంక ఆడుతనే ఉన్నయి గద బిడ్డా, తుంగనెందుకు పూడ్చినవు?" అంది.

ఆ వానాకాలం కుంటలోకి పోవలసిన నీళ్లు అవ్వ ఇంట్లోకి పోయాయి. గోడ కూలింది. "గనిల ఒక్క కప్పు కూలనియ్యలే. పైకొచ్చి ముసల్దాని గోడ కూలగొట్టిన" అని బావ ఆ పూట అన్నం ముట్టలేదు. నాకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది. గనిలో పైకప్పును ఇనుప కడ్డీతో తట్టి, మోతను బట్టి గట్టిదో డొల్లదో చెబుతారు. మరునాడు అలాంటి కడ్డీతోనే చదునుచేసిన నేలంతా తట్టుకుంటూ తిరిగాడు. ఒకచోట డొల్లమోత వచ్చింది. కుంటకు నీళ్లొచ్చే పాత మోరీ దాని కిందే ఉంది. తన ఈడు రిటైరైన వాళ్లను పోగేసి, ముందు అవ్వ గోడ లేపి, తర్వాత షిఫ్టులు వేసి మట్టి ఎత్తించాడు. మూడు రోజుల్లో పోసింది తియ్యడానికి రెండు ఎండాకాలాలు పట్టింది.

నీళ్లు నిలిచాయి కానీ తుంగ రాలేదు. ఈలోపు అవ్వ వేళ్లు కొంకర్లు పోతున్నాయి. బావ ఫికరంతా అదే. తర్వాతి వానలకు కాస్తంత తుంగ మొలవగానే కొడవలి పట్టుకొని ఉరికాడు.

"జల్ది కోద్దాం అవ్వా, నీ చేతులు ఆడంగనే ఒక్క చాప అల్లు."

అవ్వ కొడవలి గుంజుకుంది. "ఆగు కొడుకా. వేర్లు పట్టనియ్యి. వచ్చే ఏడు కోద్దం."

ఇప్పుడు కుంట నిండా తుంగే. బావ చాప మీద కూర్చొని ఆ వంకర అంచును సరిచేయబోయాడు. "నిరుడే అల్లితే ఇది సక్కగ వస్తుండె" అన్నాడు. నిజమే. మా అందరిలోకీ తక్కువ కాలం మిగిలింది ఆమెకే, తొందరపడనిదీ ఆమె ఒక్కతే.