ఫోర్క్‌లిఫ్ట్ మీద కుంకుమ గుర్తు

ఆ దసరాకు కూడా నాకు డ్యూటీ పడింది. ఇక్కడ అరబ్బు దేశంలో, అల్ తుమామాలోని మా కట్టడం సైట్‌కు కొత్త ఫోర్క్‌లిఫ్ట్, అంటే ముందు రెండు ఇనుప పట్టీలతో బరువులెత్తే బండి, వచ్చి అప్పటికి వారం కూడా కాలేదు. నడిపేది నేనే కాబట్టి, పొద్దున్నే దాని ముందు కొబ్బరికాయ కొట్టి, కుంకుమను నూనెలో కలిపి, పక్క రేకు మీద పెద్ద స్వస్తిక్ వేశాను.

యూరప్ నుంచి వచ్చిన మా సేఫ్టీ ఆఫీసరు అది చూసి కొయ్యబారిపోయాడు. ఆయన దేశంలో ఆ గుర్తు గీస్తే జైల్లో పెడతారట. మా ఫోర్‌మన్ హైదరాబాద్ ముస్లిం. పరుగున వచ్చి ఆయనకు ఇంగ్లీషులో ఏదో సర్దిచెప్పి, నా వైపు తిరిగాడు.

"తమ్మీ, మ్యూజియంల గార్డు డ్యూటీ చేసినప్పుడు రోజూ చూసేటోణ్ణి. వేల ఏండ్ల కిందటి మట్టికుండ మీద గిదే గుర్తు. అది చేసినోనికి నీ మతం తెల్వదు, నా మతం తెల్వదు, ఈ సారు లొల్లి అసలే తెల్వదు. అయినా తుడిచెయ్, యల్లా, జల్ది!"

తుడిచాను. వంకర కొసలు పోయాయి గానీ, నడుమ నూనె ఇంకి ఒక అడ్డగీత, ఒక నిలువుగీత ఎర్రగా మిగిలాయి. మర్నాడు ఫిలిప్పీన్స్ వెల్డర్ ఒకడు దాని ముందు ఆగి, గుండెల మీద సిలువ గుర్తు వేసుకున్నాడు. మూడో రోజుకు నలుగురయ్యారు. వాళ్ళ ప్రార్థన అయ్యేదాకా నేను బండి కదిలించకుండా కూర్చునేవాణ్ణి.

ఆఫీసరు తల పట్టుకుని, అది సిలువలా కనిపించకూడదని గుర్తు చుట్టూ తెల్ల రంగు వేయించాడు. దాంతో అది అచ్చం ఆస్పత్రి గుర్తయింది. ఆ గుర్తున్న చోట మందులపెట్టె ఉండాలని రూలు తీసి, పెట్టె కూడా ఆయనే బిగించాడు. ఇక వేలు తెగినవాడూ, కడుపు నొచ్చినవాడూ నా వెంటే. సిమెంటు బస్తాలు పైకెత్తుతుంటే కిందినుంచి, "అన్నా, తలనొప్పి గోలి ఉన్నదా?" అని కేకలు.

నెల తర్వాత బండిని అల్ ఖోర్‌లోని మా ఇంకో సైట్‌కు పంపారు. కాగితాల్లో ఎవరో దాన్ని అంబులెన్స్ అని రాశారు. అక్కడి సూపర్‌వైజర్ మా కరీంనగర్ వాడే. ఫోన్ చేశాడు.

"అన్నా, అంబులెన్స్ అచ్చింది గని, దీనికి ముందట రెండు కొమ్ములున్నయేంది? పేషెంటును యాడ పండవెట్టాలె?"

"కొమ్ముల మీదనే పండవెట్టు," అన్నాను.

అవతల ఎవరినో పిలిచి కొమ్ముల పొడుగు కొలవమన్నాడు. నిజంగానే ఆలోచిస్తున్నాడని నాకు అర్థమై, నవ్వు ఆపుకుని అసలు సంగతి చెప్పాను.