చుక్కేసినవా?

జూలూరుపాడులో నేను కిరాయికున్న ఇంటావిడను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. నేను పాలగిన్నె మీద మూత పెట్టిన చప్పుడు వినబడితే చాలు, వాకిట్లోంచే అడిగేది: “చుక్కేసినవా?” పెరుగు తోడుకోవడానికి మజ్జిగ చుక్క అన్నమాట. వేశానన్నా నమ్మేది కాదు, వచ్చి మూత తీసి చూసేది.

అప్పట్లో నాది జిల్లేడు మిడతల మీద పరిశోధన. జిల్లేడు పాలు విషం. ఆ ఆకును మిడత అంత హాయిగా ఎలా అరిగించుకుంటుంది? పేగుల్లోని సూక్ష్మజీవుల సాయమేమోనని నా అనుమానం. సీసాల్లో గుడ్లు పొదిగించి, పిల్లలకు ఆకులు శుభ్రంగా కడిగి పెట్టేదాన్ని. రోజూ కొన్ని చచ్చేవి.

ఒకరోజు పెద్దమ్మ సీసా మూత కూడా తీసింది.

“ఆకు కడిగినవా?”

“మూడుసార్లు కడిగాను.”

“గట్లయితే వీటికి చుక్క ఎవరేస్తరు?”

నేను వద్దనేలోపే, దొడ్డి వెనక జిల్లేడు కింద రాలిన మిడత పెంటికలు చిటికెడు తెచ్చి లోపల చల్లేసి, వేళ్లు కొంగుకు తుడుచుకుంది.

వారం తర్వాత ఆ సీసాలోని పిల్లలే మిగిలాయి. నమ్మకం కుదరక మళ్లీ మళ్లీ చేసి చూశాను. ప్రతిసారీ అంతే.

రిపోర్టు రాసి ఆమెకే ముందు చదివి వినిపించాను. ‘పెద్ద మిడతల సూక్ష్మజీవులను పిల్లలకు అందించడమైనది’ అన్నచోట ఆపింది.

“పెంటికలని రాయలేదేంది?”

“రిపోర్టులో అలా రాస్తే బాగోదు పెద్దమ్మా,” అన్నాను.

“చల్లేటందుకు నాకు సిగ్గు కాలే. రాసేటందుకు నీకేంది బిడ్డా?”