బస్సులో చెప్పిన పేరు

సూర్యాపేట నుంచి మిర్యాలగూడ వెళ్తున్నాను. మా బియ్యం అమ్మడానికి వెబ్‌సైట్ పెడుతున్నాం. దానికి ఏ పేరు తీసుకోవాలో ఫోన్‌లో తమ్ముడికి గట్టిగా చెప్పాను. పక్క సీట్లో పసిపాపను ఒళ్లో పెట్టుకున్న పెద్దావిడ అంతా విని, నేను ఫోన్ పెట్టేశాక అడిగింది.

“పేరు ఇంక పెట్టలేదా బిడ్డా? పెట్టకముందే బస్సుకంత ఎందుకు చెప్తున్నవ్? మేమైతే తొట్టెల ఏసి పేరు పెట్టే నాడు పాప చెవుల చెప్పేదాక బయట పెట్టం.”

“ఇది మనిషి పేరు కాదు పెద్దమ్మా, నెట్‌ల దుకాణం అడ్రస్. ఎవరు ముందు రిజిస్టర్ చేస్కుంటే వాళ్లదే. ఇంకొకలకు రాదు.”

“మరి గంత గట్టిగ చెప్తవేంది?”

వెంటనే ఆ పేరును కూర్చున్న చోటే ఫోన్‌లో రిజిస్టర్ చేశాను.

“అయిందా?”

“అయింది. ఏటేటా రెన్యువల్ చెయ్యాలె. లేకుంటే పేరు పోతది.”

“పేరు గూడ పోతదా?” అని ఆమె పాప మీది గుడ్డ సర్దింది.

పెన్‌పహాడ్‌లో దిగేముందు నా చెవి దగ్గరికి వంగి, పాపకు పెట్టబోయే పేరు చెప్పింది. “నీది నేను విన్న గద. ఇగ సరికి సరి.”

సైటు పేరు ఏటా రెన్యువల్ చేస్తున్నాను. ఆ పాపను ఈపాటికి ఊరంతా ఆ పెద్దావిడ చెప్పిన పేరుతోనే పిలుస్తుంటారు. నేను మాత్రం దాన్ని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.