కంప కొట్టుకోమన్నాను

మా ఊరికీ, చాంపియన్ రీఫ్ బంగారు గని కూలీల లైన్ ఇండ్లకూ నడుమ మా నాయన నాకు వదిలిన రెండెకరాల బీడు ఉంది. రాగులు చల్లితే విత్తనం కూడా తిరిగి రాని నేల. అందులో రేగు కంప తప్ప ఏదీ బతకదు. నడుమెత్తు పొదలు, వంకర ముళ్లు, గోరంత ఆకులు. ఊళ్లో నన్ను ‘కంప జమీందారు’ అని ఎగతాళి చేసేవాళ్లు. నవ్వుకుంటే నవ్వుకోనీ. చుక్క వాన లేని ఏడు కూడా ఆకు వేసేది అదొక్కటే. మేకలకు అదంటే ప్రాణం.

గని మూతపడిన మూడో ఏట, మాఘమాసంలో, ఫిలోమినక్క ఆ బీడు గట్టు మీద నిలబడి నన్ను పిలిచింది. ఆమె అమృతరాజు భార్య. అమృతరాజు ఇరవై ఆరేళ్లు భూమి కింద రాయి కొట్టిన మనిషి. గని మూసేశాక అతనికి మిగిలింది దగ్గు ఒక్కటే. ఇక ఇల్లు నడిపేవి ఫిలోమినక్క మేకలు పదకొండు. వాటిలో నాలుగు చూడివి. వానలు వరసగా రెండో ఏడూ మొహం చాటేశాయి. ఎండాకాలం దాటేదాకా మేకలకు మేత దొరకకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

“అప్పా, మీ బీట్లో మేపుకోనిస్తావా?” అని అడిగింది.

“మేపేదెందుకక్కా, కంప కొట్టుకోండి. ఎండాకాలమంతా వస్తాది,” అన్నాను.

పెద్ద దాతలా ఆ మాట పారేసి మాలూరు బస్సెక్కాను. అక్కడ ఇటుకల బట్టీలో నాకు పని. నెలకొకసారి ఊరికి వచ్చేవాణ్ణి.

కంప కొట్టడమంటే ఏమిటో మా పల్లెల్లో పాలపళ్లు ఊడని పిల్లలకు కూడా తెలుసు. జానెడు మోడు వదిలి కొడవలితో పొదను కోస్తాం. రెండు రోజులు ఎండనిచ్చి కర్రతో బాదితే ఆకు రాలుతుంది. దాన్ని గోతాలకెత్తి దాచుకుని మేకలకు కొంచెం కొంచెంగా వేస్తాం. ఈలోగా మోడు మళ్లీ చిగురిస్తుంది. లైన్ ఇండ్లవాళ్లకు మేకలను తోలి మేపడమే తెలుసని, గనిలో కొట్టడమంటే వేరే అని నాకు ఆ రోజు తట్టలేదు. అక్కడ కొట్టడమంటే అడుగంటా కొట్టడమే.

నెల తర్వాత వచ్చి చూస్తే నా బీడు బోడిగుండులా ఉంది. పొద ఉన్నచోటల్లా నడుంలోతు గుంత. గుంత పక్కన బారెడు బారెడు వేళ్లు పేర్చి ఉన్నాయి. ఆకంతా గాలికి కొట్టుకుపోయింది. అమృతరాజు గడ్డపార ఆనుకుని నిలబడి, పెళ్లికొడుకు తండ్రిలా నన్ను చూసి నవ్వాడు.

“చూడప్పా, ఒక్క వేరు వదల్లేదు. గనిలో రీఫ్ మాదిరి, బంగారు చార మాదిరి పట్టుకొని లోపలికంటా పోయినాను. కంప మాకిచ్చినావు గదా, నేల నీకు క్లీన్ చేసిస్తామని. ఇంగ రాగులు చల్లుకో.”

నాకు ఒళ్లు మండింది. “నీకు బుద్ధుండాదా అన్నా? వేరు తీస్తే మళ్లీ యాడ మొలుస్తాది? నీ మేకల నోట్లో నువ్వే మన్ను కొట్టినావు. భూమి కిందే బతికినావు, భూమ్మీద సంగతి నీకేం తెలుసు!”

అతను దగ్గాడు. దగ్గు ఆగాక, “మళ్లీ రాదా అప్పా?” అన్నాడు.

“పోయి దాన్నే అడుగు,” అని వచ్చేశాను.

తర్వాతి నెల వచ్చినప్పుడు అతను ఆ ఎండు వేళ్లన్నీ తిరిగి గుంతల్లో నాటి, మన్ను పూడ్చి నీళ్లు పోస్తున్నాడు. లైన్ ఇండ్ల కొళాయి నుంచి రెండు డబ్బాలు మోసుకొస్తాడు, పది అడుగులకోసారి కూర్చుంటాడు. ఎండిన వేరు బతకదని నేను ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. మోయనీ, బుద్ధి వస్తుంది అనుకున్నాను. నా జన్మలో అంత నీచంగా మరెప్పుడూ అనుకోలేదు.

వైశాఖంలో అమృతరాజు మంచం పట్టాడని తెలిసి వెళ్లాను. వాకిట్లో ఫిలోమినక్క మేకల బేరగాడు పాపన్నతో మాట్లాడుతోంది. ఆ కరువులో ఎవరి కంపకు వాళ్లు కాపలా పెట్టుకున్నారు. మేకలు బక్కచిక్కకముందే అమ్మేయడం ఒక్కటే దారి.

నేను ఊరికే వెళ్లలేదు. దారిలో మా ఊరి బచ్చప్ప పొలం గట్టు మీద ఒక రేగు చిగురు తుంచి జేబులో పెట్టుకున్నాను.

“చిగురేసినాదా అప్పా?” అన్నాడు అమృతరాజు, లోపల మంచం మీంచి నన్ను చూడగానే. ఊపిరి అందడం లేదు.

“ఏసినాదన్నా. ఇదిగో.”

అతను దాన్ని వాసన చూశాడు, ఒక ఆకు నమిలాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. “ఫిలోమినా, మేకలు ఇయ్యొద్దు! పొదలు లేస్తా ఉండాయి. నెల ఓర్చుకో. అంతవరకూ ఆపక్కకు తోలొద్దు, లేత చిగురు కొరికితే చచ్చిపోతాది,” అన్నాడు.

ఆమె గుమ్మం దాకా వచ్చి విని, వాకిట్లోకి తిరిగిపోయి పాపన్నను పంపేసింది. అప్పుడైనా ఆమె చెవిలో నిజం చెప్పి ఉండాల్సింది. చెప్పకుండానే వచ్చేశాను. నాలుగో రోజు అమృతరాజు పోయాడు. ఫాదర్ ప్రార్థన చదువుతుంటే నేను మూడు గుప్పిళ్ల మన్ను వేసి మాలూరు పారిపోయాను. పారిపోవడమే అది, వేరే మాట లేదు.

నెల దాటాక ఊరికి వస్తూ చూశాను. ఫిలోమినక్క బీట్లో ఉంది. మొగుడి మాట దాటకుండా నెల ఓర్చుకుని, ఆ రోజే మేకలను తోలుకొచ్చింది. మేత లేక పదకొండింటిలో ఆరే మిగిలాయి. చూడివన్నీ నెలలు నిండకుండానే ఈసుకుపోయాయి. ఆమె ఒక్కో గుంత దగ్గరా వంగి చూస్తూ చివరిదాకా నడిచింది. తర్వాత నా దగ్గరికి వచ్చింది.

“ఆ చిగురు యాడిదప్పా?”

“బచ్చప్ప గట్టు మీదిదక్కా.”

తిడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

“ఆయనకు తెలీదు గదా?” అంది.

“తెలీదక్కా.”

“సరే,” అని ఫిలోమినక్క గుంత పక్కన కూలబడి, మొగుడు పోయిన రోజు కూడా ఏడవనంతగా ఏడ్చింది.