ఇంటి లైసెన్సు మీద విన్న గొంతు

ఈ సంగతి మీద నేను రాసిన అర్జీలకు ఇంతవరకు జవాబు రాలేదు. ఒక్క కాగితమూ రాలేదని కాదు. మూడు వచ్చాయి. మొదటిదానిలో నా అర్జీని సంబంధిత విభాగానికి పంపామన్నారు. రెండోదానిలో ఆ సంగతి తమ విభాగానికి రాదన్నారు. మూడోదాన్ని రెండుసార్లు చదివాను. దాని గురించి వరసలో చెబుతాను. తాండూరు బజారులో నన్ను అర్జీల సేటు అని పిలిచినవాళ్లు, నేను కనబడగానే కాగితం మడిచి జేబులో పెట్టుకున్నట్టు చేతులు ఆడించినవాళ్లు ఎవరెవరో నాకు బాగా గుర్తు. ఇక్కడ ఎవరి పేరూ రాయను. నాకు వాళ్లతో పని లేదు. నేను అడిగింది ఒకటే ప్రశ్న. దాన్ని ఇవాళ్టిదాకా ఎవరూ పూర్తిగా చదవలేదు.

మా ఇల్లు, దుకాణం ఒకే కప్పు కింద ఉండేవి. ముందు కిరాణా దుకాణం, వెనక ఇల్లు, నడుమ రాతిగోడ. ఆ గోడలో ఛాతీ ఎత్తున ఒక గూడు ఉంది. రెండు వైపులా తెరిచి ఉంటుంది. ఒక్క దీపం పెడితే ఇంటికీ దుకాణానికీ వెలుగు రావాలని మా తాత అట్లా కట్టించాడట.

నలభై ఎనిమిదిలో, పోలీసు చర్యకు ముందు, రజాకార్ల భయంతో వ్యాపార కుటుంబాలు చాలావరకు షోలాపూరు వైపు వెళ్లిపోయాయి. మాకూ అక్కడొక ఇల్లు చూసి వస్తానని మా అన్న వాడీ జంక్షన్‌కు పోయే రైలెక్కాడు. స్టేషన్ దాకా నేనే వెళ్లాను. తర్వాత మిలిటరీ వచ్చింది, భయం పోయింది, వెళ్లినవాళ్లు మూటాముల్లెతో తిరిగి వచ్చి దుకాణాలు తెరుచుకున్నారు. మా అన్న రాలేదు. శవం కనబడిందన్నవాడు లేడు. బతికున్నాడని చెప్పినవాడూ లేడు. నేను గుల్బర్గా, షోలాపూరు పోయి వెతికి వచ్చాను. మా నాన్న రెండేళ్లకు పోయాడు. మా అమ్మ మాట్లాడటం తగ్గించింది.

చాలా ఏళ్లకు, షోలాపూరు చద్దర్లు భుజాన వేసుకుని అమ్మే ఒకాయన మా అరుగు మీద కూర్చుని అమ్మతో అన్నాడు. "అమ్మా, మొన్న ఒక హోటల్ల రేడియో విన్న. మాట్లాడేటాయన గొంతు అచ్చం మీ పెద్దోని గొంతు లెక్కనే ఉండె."

చద్దరు అమ్ముకోవడానికి అన్నాడో, నిజంగా అనిపించే అన్నాడో తెలియదు. చద్దరు అమ్ముకుని పోయాడు. ఆ సాయంత్రం అమ్మ నాతో, "చిన్నోడా, రేడియో తే" అంది. అంతవరకు ఆమె నన్ను ఏదీ అడగలేదు.

ఆ రోజుల్లో రేడియో కొంటే సరిపోయేది కాదు. దానికి లైసెన్సు కట్టాలి. తపాలా ఆఫీసులో ఒక చిన్న పుస్తకం ఇచ్చేవాళ్లు. ఇంట్లో వినేవాళ్లకు ఒక రకం లైసెన్సు, గిరాకీ కోసం హోటళ్లలో, దుకాణాల్లో పెట్టేవాళ్లకు ఇంకొక రకం. ఇంటి లైసెన్సు మీద వ్యాపారానికి వినిపిస్తే సెట్టు పట్టుకుపోతారు. నేను కాగితం నింపుతూ, సెట్టు ఉంచే చోటు అన్న దగ్గర "ఇంటికీ దుకాణానికీ నడుమ గోడలో" అని రాశాను. గుమాస్తా చదివి నవ్వాడు.

"సేటూ, గోడకు లైసెన్సు ఉండది. ఇల్లన్న రాయి, దుకాణమన్న రాయి."

వినేది మా అమ్మ. ఇల్లు అని రాశాను.

బ్యాటరీతో నడిచే సెట్టు. దాన్ని గూట్లో పెట్టి, ముఖం ఇంటివైపు తిప్పాను. కప్పు మీద రెండు వాసాల మధ్య తీగ కట్టాను. అమ్మ గోడకు ఎదురుగా చాప వేసుకుని కూర్చునేది. పాటలు విన్నట్టు వినేది కాదు, రైలు కోసం చూసినట్టు వినేది. కన్నడ స్టేషన్లు కూడా పెట్టమనేది. "ఎటు దిక్కు పోయిండో ఏమో. గిప్పుడు ఏ భాష మాట్లాడుతున్నడో" అనేది. మా అన్నకు ఒక అలవాటుండేది. ఏదైనా చెప్పబోయే ముందు రెండుసార్లు సన్నగా దగ్గి, "సంగతేందంటే" అని మొదలుపెట్టేవాడు. ఎవరైనా దగ్గగానే అమ్మ చెయ్యెత్తి మమ్మల్ని మాట్లాడవద్దనేది. మా ఆవిడ చేతిలో గిన్నె ఉంటే అట్లాగే పట్టుకుని నిలబడిపోయేది.

సెట్టు వీపు దుకాణం వైపు ఉంది. చప్పుడుకు ముఖం, వీపు తెలియవు. గిరాకీలు ఉప్పు, చింతపండు కట్టించుకుని పాట అయ్యేదాకా నిలబడేవాళ్లు. పెద్దేముల్ నుంచి సంతకు వచ్చినవాళ్లు బండి ఆపేవాళ్లు. మా ఎదుట ఒక చాయ్ హోటల్ ఉంది. దాని యజమాని దుకాణాల లైసెన్సు కట్టి, పెద్ద సెట్టు పెట్టినవాడు. ఒకరోజు రోడ్డు దాటి వచ్చాడు.

"ఏం సేటూ, ఇంటి లైసెన్సు మీద బజారంతటికి పాటలు పంచుతున్నవ్?"

"మా అమ్మ వింటది."

"మీ అమ్మకు అంత గట్టిగ పెట్టాల్నా? చెవులు మంచిగనే ఉన్నయి గద."

"నీ చాయ్ మంచిగుంటే నీ దగ్గరికే వస్తరు."

ఆ మాట అనకుండా ఉండవలసింది. అతను నవ్వి వెళ్లిపోయాడు. వారం తిరక్కుండా ఫిర్యాదు వెళ్లింది.

ఏ అర్జీలోనూ రాయని ఒక మాట ఇప్పుడు రాస్తున్నాను. పాటల వేళకు నేను సెట్టు చప్పుడు పెంచేవాణ్ని. గిరాకీ పెరిగిందని నాకు తెలుసు. అమ్మ కోసం తెచ్చిన సెట్టు దుకాణానికి పనికొస్తుంటే ఊరుకున్నాను. ఆ ఒక్కటి వాళ్లు పట్టుకున్నది సరిగానే పట్టుకున్నారు.

రేడియో లైసెన్సుల ఇన్‌స్పెక్టరు సాయంత్రం వచ్చాడు. కోస్తా వైపు మనిషి. ముందు ఎదుటి హోటల్లో కూర్చుని చాయ్ తాగాడు. రైతుల కార్యక్రమం మొదలయ్యేదాకా అక్కడే ఉండి, తర్వాత నోటుబుక్కు పట్టుకుని వచ్చాడు. దుకాణంలో నలుగురైదుగురు నిలబడి వింటున్నారు.

"ఏవండీ, ఈ సెట్టు ఇంట్లో ఉన్నట్టా, కొట్లో ఉన్నట్టా?"

"ఇంట్ల ఉన్నది సార్. చూడండి, ముఖం అటే ఉంది."

"నాకు వీపు కనపడుతోంది. నేను ఎక్కడ నిలబడ్డాను?"

"దుకాణంల."

"మరి నాకు వినపడుతోంది కదా."

ఎవరో కిసుక్కున నవ్వారు. గోడ ఎంత మందమో కొలవమన్నాను. గూడు మా తాత కట్టించింది, సర్కారు రేడియో పెట్టడానికి కట్టించింది కాదన్నాను. దీపం పెడితే వెలుగు బయటికి వస్తుంది, దానికీ లైసెన్సు కట్టాలా అన్నాను. నా గొంతు పెరిగింది. ఎదుటి హోటల్లోవాళ్లు లేచి నిలబడ్డారు. ఎదుట జనం ఉంటే నేను ఓడిపోలేను. అది నా గుణం.

లోపలి నుంచి అమ్మ ఏదో అంది. నేను వినలేదు. రెండోసారి గట్టిగా అంది. "జర ఊకో. జర ఊకోరా."

నేను ఊరుకోలేదు. ఇన్‌స్పెక్టరు గూట్లో చెయ్యిపెట్టి, అటువైపున్న మీటను తడుముకుని తిప్పాడు. టక్కుమని ఆగిపోయింది. అప్పుడు తెలిసింది, లోపల ఎంత నిశ్శబ్దంగా ఉందో. గూట్లోంచి చూస్తే, సెట్టు పక్క సందులో, అమ్మ ముఖం కనబడింది. రెండు చేతులూ సెట్టు మీద పెట్టి ఉంది.

"వాడే" అంది. "రెండుసార్లు దగ్గిండు. సంగతేందంటే అన్నడు."

ఇన్‌స్పెక్టరుకు ఏమీ అర్థం కాలేదు. మళ్లీ పెట్టమని నేను బతిమాలాను. స్వాధీనం చేసుకున్న సెట్టును నడపకూడదన్నాడు. నేనే చెయ్యి చాపాను. అప్పటికే బ్యాటరీ తీగ లాగేశాడు. దాన్ని మళ్లీ తగిలించేసరికి రైతుల కార్యక్రమం అయిపోయి, ఎవరో వీణ వాయిస్తున్నారు. తీగ తగిలించక ముందే హోటల్ సెట్టులో విందామని పరుగెత్తానా అని అడగవచ్చు. పరుగెత్తాను. హోటల్ యజమాని అప్పుడే వేరే స్టేషన్ పెట్టుకున్నాడు. ఫిర్యాదు చేసినందుకు కాదు, ఆ సాయంత్రం స్టేషన్ మార్చినందుకు అతన్ని నేను క్షమించలేదు. అతనికేం తెలుసు అంటారు. నిజమే. అయినా క్షమించలేదు.

సంగతేందంటే అని మా వైపు సగం మంది అంటారు. రైతులు పొగాకు తాగి దగ్గుతారు. అమ్మకు ఇదంతా చెప్పాను. ఆమె వినేసి, "తర్వాత ఏమన్నడురా?" అని అడిగింది.

"నేను వినలేదమ్మా."

"ఔ. నువ్వు ఒర్లుతుంటివి గద."

కోపంగా అనలేదు. అందుకే అది ఇంకా నా చెవిలో ఉంది. ఆ తర్వాత రోజూ ఏదో ఒక వేళ, అన్నం వడ్డిస్తూనో, పొయ్యి ఊదుతూనో అడిగేది. తర్వాత ఏమన్నడురా. గూడు ఖాళీగా ఉండేది. దుకాణంలో కూర్చుంటే నా వీపుకు అమ్మ చూపు తగిలేది. తిరిగి చూసేవాణ్ని కాదు.

సెట్టును వికారాబాదు తీసుకుపోయారు. నేను పాసింజరు బండిలో పోయేవాణ్ని. ధారూరు దాటగానే చెప్పవలసిన మాటలు మనసులో వరస పెట్టుకునేవాణ్ని. ఆఫీసులో నాకు కుర్చీ వేయలేదు. ఎన్నిసార్లు వెళ్లానో అన్నిసార్లూ వేయలేదు. సెట్టు ఇల్లా, దుకాణమా అని వాళ్లు, ఆ సాయంత్రం మాట్లాడినాయన ఎవరు అని నేను. చివరికి జరిమానా కట్టి, దుకాణాల లైసెన్సు తీసుకుంటే సెట్టు ఇచ్చారు. అప్పటికి ఒక వానాకాలం గడిచిపోయింది.

గూట్లో పెట్టి మీట తిప్పాను. అమ్మ చాప వేసుకోలేదు. "ఇప్పుడెందుకు? వాడు చెప్పేది చెప్పేసిండు" అంది. ఆ తర్వాత ఆమె రేడియో వినలేదు. రెండేళ్లకు పోయింది. పోయే ముందు వారం కూడా అదే ప్రశ్న అడిగింది.

అప్పుడు రేడియో స్టేషన్‌కు రాయడం మొదలుపెట్టాను. ఫలానా సాయంత్రం రైతుల కార్యక్రమంలో మాట్లాడిన మనిషి ఎవరు, ఏ ఊరివాడు, ఏం చెప్పాడు అని. ఇన్‌స్పెక్టరు ఇచ్చిన రశీదు మీద రోజు, వేళ రెండూ ఉన్నాయి, వాటిని నకలు చేసి పంపాను. నేను మొదట చెప్పిన మూడో కాగితం అక్కడి నుంచే వచ్చింది. మాట్లాడిన వ్యక్తి పేరు తెలియజేస్తే వివరాలు పరిశీలిస్తామని అందులో ఉంది.

పేరు తెలియకనే కదా అడిగింది. వాళ్లకు రెండు పేర్లు రాయవచ్చు. ఒకటి మా అన్న పేరు. అది రాస్తే, అటువంటి వ్యక్తి లేడని ఒక ముక్కలో తేల్చేస్తారేమోనని చాలా రోజులు రాయలేదు. చివరికి రాశాను. దానికి జవాబే లేదు. మాట్లాడినాయన పరాయివాడైతే రాయవలసిన రెండో పేరు నాకు తెలియదు.

ఏటా పెత్రమాస నాడు పోయినవాళ్ల పేరున బియ్యం ఇవ్వడానికి అయ్యగారి ముందు కూర్చుంటాను. ఆయన పేర్లు అడుగుతాడు. తాత, నాయనమ్మ, నాన్న, అమ్మ. "ఇంకెవరన్న ఉన్నరా?" అంటాడు. నేను బియ్యం పళ్లెం ఆయన వైపు జరుపుతాను. పేరు చెబితే నేనే చంపినట్టు. చెప్పకపోతే, నిజంగా పోయి ఉంటే, నా చేతి మెతుకు అందక ఎక్కడ తిరుగుతున్నాడో. అయ్యగారు నీళ్లు వదలమంటాడు. నీళ్లు వదులుతుంటే ఎక్కడో ఎవరో దగ్గుతారు. వెనక్కి తిరిగితే ఎవరూ ఉండరు, లేదా పక్కింటివాళ్లు ఉంటారు.

సెట్టు ఇల్లా, దుకాణమా అన్న తగువు నేను వదిలేశాను. దుకాణమే అని రాసుకోండి, సంతకం పెడతాను. జరిమానా న్యాయమే. ఇన్‌స్పెక్టరు తన పని తాను చేశాడు. ఇవన్నీ ఒప్పుకుంటున్నాను కాబట్టి, రేడియో స్టేషన్‌వారూ, ఇక నా కాగితాన్ని పక్కకు తోయడానికి మీకు సాకు లేదు. ఆ సాయంత్రం రైతుల కార్యక్రమంలో మాట్లాడిన మనిషి మీ స్టేషన్ గుమ్మం తొక్కి లోపలికి వచ్చాడు. ఎవరో ఒకరు అతన్ని కూర్చోబెట్టారు, ఎవరో ఒకరు అతని ఊరు అడిగారు. వాళ్లలో ఒక్కరైనా బతికి ఉంటారు. అతను ఎవరు? ఎవరో పరాయివాడే అయితే పరాయివాడని రాయండి, భరిస్తాను. ఒక కార్డు ముక్క చాలు. ఈసారి ఇంకో విభాగానికి పంపకండి. చదివినవారే జవాబు రాయండి.